మంజీర వెంట – 9: కోట దిగి, కట్ట నడిచి, చర్చి దాకా

పోయిన భాగంలో పాపన్నపేట సంస్థానం కథ చెప్పుకున్నాం. అందోలులో వేళ్లూనిన ఏలుబడి పాపన్నపేటకు చేరడం, రాణి శంకరమ్మ నిజాం పక్షాన నిలిచి ‘రాయబాగిన్’ అనిపించుకోవడం, ఆ ఇంటివాళ్ల పేర్లు సంగారెడ్డి, సదాశివపేట, శంకరంపేట అన్న ఊళ్ల పేర్లలో నేటికీ మిగిలిపోవడం చూశాం. చివర్లో ఒక ప్రశ్న వదిలేశాం. కూతవేటు దూరం కాకపోయినా పూటలో పోయి రాగలిగినంత దగ్గర్లో, మెదక్ గుట్ట మీద అంత పెద్ద కోట ఉండగా, పాపన్నపేట దొరలు మైదానంలో వరి మళ్ల నడుమ ఎందుకు కాపురం పెట్టారు?

ఈ ప్రశ్నకు జవాబు కాగితాల్లో వెతికేకన్నా మెదక్ వీధుల్లో నడుస్తూ వెతకడం మేలు. అందుకే ఈ భాగాన్ని చేతిలో పట్టుకొని నడవడానికి వీలుగా రాస్తున్నాను. జర్మనీ దక్షిణపు కొసన బోడెన్‌జే అనే పెద్ద సరస్సు ఒడ్డున కాన్‌స్టాంజ్ అని ఒక పాత పట్నం ఉంది. అక్కడికి పోయినవాళ్లు గైడును పెట్టుకోకుండానే పటం ఒకటి పట్టుకొని రేవు దగ్గర మొదలుపెడతారు. పాత వీధుల్లో తిరిగి, పెద్ద చర్చి చూసి, రైన్ నది వంతెన దాకా తీరుబడిగా నడుస్తారు. మెదక్‌కూ చెరువులున్నాయి, కోట ఉంది, పాత బస్తీ ఉంది, దేశమంతా పేరు మోసిన చర్చి ఉంది. లేనిదల్లా ఆ పటమే. ఒక్కరోజులో అయిపోయే నడక ఇది. పొద్దెక్కకముందే గుట్ట ఎక్కాలి, పొద్దు వాలకముందే చర్చిలో ఉండాలి. ఈ రెండో మాట ఎందుకన్నానో అక్కడికి పోయాక చెబుతాను.

బస్టాండ్‌లో దిగి ఎవర్నడిగినా కోటకు తొవ్వ చెబుతారు. “ఖిల్లా కాడికా? సీదా పోండ్రి, గుట్ట మీకే కనబడ్తది” అంటారు. నిజంగానే కనబడుతుంది. ఊరు మొత్తం ఒక వైపు, నున్నటి బండరాళ్ల గుట్ట ఒక వైపు. ఎత్తు సుమారు 90 మీటర్లు. ఆ బండల సందుల్ని కలుపుకుంటూ, ఎక్కడ బండ లేదో అక్కడ గోడ లేపుకుంటూ కోట కట్టారు. శత్రువును ఆపే పనిలో సగం కొండే చేసిపెడితే మిగతా సగం మేస్త్రీలు చేశారన్నమాట.

కాకతీయుల కాలంలో కట్టారని, చివరి రాజు ప్రతాపరుద్రుడే కట్టించాడని చెబుతారు. ఆయన 1289 నుంచి 1323 దాకా ఏలాడు. ఓరుగల్లుకు పడమరగా, గోల్కొండకు ఉత్తరంగా ఇట్లాంటి గుట్ట ఒకటి చేతిలో ఉంటే మంజీర లోయ మొత్తం మీద కన్ను వేసి ఉంచవచ్చు. దండు ఎటునుంచి వచ్చినా లేచే దుమ్ము ముందే కనిపిస్తుంది. పాతకాలంలో కోటకున్న మొదటి పని యుద్ధం కాదు, కాపలా.

మెట్లెక్కుతూ పోతే మూడు ద్వారాలు వరసగా వస్తాయి. మొదటిది ప్రథమ ద్వారం. రెండు తలల గండభేరుండం ఇక్కడే ఉంది. తర్వాత సింహద్వారం, దాని నెత్తిన పళ్లు బయటపెట్టిన రెండు సింహాలు. ఆపైన గజద్వారం, రెండు పక్కలా తొండాలు పెనవేసుకున్నట్టు ఏనుగులు. వచ్చినవాళ్లలో నూటికి తొంభైమంది ఈ ఏనుగుల దగ్గర ఫొటో దిగి ముందుకు పోతారు. మీరు కాస్త ఆగి దారి తిరిగిన తీరు చూడండి. ఒక ద్వారం నుంచి ఇంకో ద్వారానికి తిన్నగా దారి లేదు, మలుపు తిరగాలి. ఏనుగుతో తలుపు బద్దలు కొట్టించాలంటే దానికి ఉరకడానికి కొంత బారు జాగా కావాలి. మలుపు పెడితే ఆ జాగా దొరకదు. మలుపు తిరిగే దండు పక్కటెముకలు పైనున్న కాపలావాడి బాణానికి ఎదురుగా వస్తాయి. రాతి ఏనుగుల కన్నా ఈ మలుపే గొప్ప శిల్పం అని నా లెక్క.

1323లో ఓరుగల్లు పడిపోయాక ఈ కోటకు యజమానులు మారుతూ వచ్చారు. బహమనీలు, ఆ తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీలు. కోటలో కుతుబ్‌షాహీల కాలపు మసీదు ఉంది, ముబారక్ మహల్ ఉంది, ధాన్యం కొట్లు ఉన్నాయి. పైన 17వ శతాబ్దపు ఫిరంగి ఒకటి పడి ఉంది. పొడవు 3.2 మీటర్లు. పిల్లలు దానిమీదెక్కి కూర్చుంటారు. ఎంత ఇనుము ఎంత దూరం మోసుకొచ్చి ఈ గుట్ట ఎక్కించారో తలుచుకుంటే ఆ మోసినవాళ్ల మీదికే మనసు పోతుంది. శాసనాల్లో కట్టించినవాళ్లుంటారు, మోసినవాళ్లుండరు.

నన్నడిగితే ఈ కోటలో నిలబడి చూడాల్సింది ధాన్యం కొట్లనే. ఫిరంగి చూసి శౌర్యం గుర్తు తెచ్చుకోవడం తేలిక. కానీ దక్కను కోటలు ఎక్కువగా లొంగింది ఆకలికే. గుట్ట చుట్టూ దండు దిగి కూర్చుంటుంది. తొందరేమీ లేదు దానికి. చుట్టుపక్కల ఊళ్ల మీద పడి తింటుంది, పంట కోసుకుంటుంది. పైనున్నవాళ్లకు ఉన్నది రెండే: కొట్లో గింజ, బండల నడుమ ఆగిన వాననీళ్లు. ఆ రెండూ ఎన్నాళ్లు వస్తే కోట అన్నాళ్లు నిలుస్తుంది. కిల్లేదారు రోజూ పొద్దున లేచి చూసుకోవాల్సింది మందుగుండు కొట్టును కాదు, గింజల కొట్టును. ఎలుక, చెద, తేమ, కొలిచేవాడి చేతివాటం, అన్నీ అతడి శత్రువులే.

ఇక్కడ మళ్లీ కాన్‌స్టాంజ్ గుర్తుకొస్తుంది. 1414 నుంచి 1418 దాకా ఆ చిన్న పట్నంలో ఐరోపా క్రైస్తవ మతాధిపతులంతా సభ తీరారు. అప్పుడు ఒక్కరుండాల్సిన చోట ముగ్గురు పోపులమని చెప్పుకుంటున్నారు. ఆ తగువు తీర్చడానికే ఆ సభ. మత సంస్కరణ కోరిన బోహీమియా బోధకుడు యాన్ హుస్‌ను 1415 జులై 6న అక్కడే సజీవ దహనం చేశారు. 1417లో కొత్త పోపు ఐదవ మార్టిన్‌ను ఎన్నుకున్న చోటు ఏ రాజమహలో కాదు, సరస్సు ఒడ్డున 1388 ప్రాంతంలో కట్టిన వర్తకుల సరుకుల గోదాం. ఆ గోదాం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది, నడక పటాల్లో ముందు వరసలో ఉంటుంది. అదే ఏళ్లలో మన దిక్కున గుల్బర్గా నుంచి ఫిరోజ్‌షా బహమనీ ఏలుతున్నాడు. అక్కడ సరుకు దాచిన ఇల్లు చరిత్రకెక్కింది. ఇక్కడ గింజ దాచిన కొట్లలో పిచ్చిమొక్కలు మొలిచాయి. పురావస్తు శాఖ బోర్డు ఉంది, కానీ ఆ బోర్డు చదివితే రాజుల వరస తెలుస్తుందే తప్ప ఆ గదిలో ఏం పోసేవారో తెలియదు.

పై కొసకు చేరాక ఊరివైపు తిరిగి నిలబడండి. కింద పెంకుటిళ్లు, డాబాలు, వాటి నడుమ నుంచి నిక్కి చూస్తున్న చర్చి శిఖరం. వాటన్నిటికన్నా ముందు కంటికి తగిలేవి చెరువులు. పిట్లం చెరువు, గోసముద్రం, మల్లం చెరువు. వానాకాలం చివర ఎక్కితే ఎండకు తళతళలాడతాయి, వేసవిలో ఎక్కితే నెర్రెలు బాసిన ఒండ్రు కనిపిస్తుంది. మనం వదిలేసిన ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే దొరుకుతుంది. కోట గింజను దాచింది, పండించలేదు. పండించింది ఆ కిందనున్న నీళ్లు.

దిగి కట్ట మీదికి పోదాం. తెలంగాణలో కాకతీయుల నాటినుంచి చెరువు తవ్వించడం గుడి కట్టించినంత పుణ్యం, దానికి మించిన రాబడి కూడా. నేల ఎగుడుదిగుడు, కింద బండ. ఏరులన్నీ వానతో వచ్చి వానతో పోయేవే. కృష్ణా గోదావరి డెల్టాల మాదిరి ఇక్కడ నీళ్లు వాటంతటవి నిలవవు, ఆపి పట్టుకోవాలి. అందుకే రెండు మిట్టల నడుమ కట్ట పోశారు. కట్ట కింద తూము పెట్టారు. నిండినప్పుడు పొర్లిపోవడానికి ఒక కొసన మత్తడి కట్టారు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. గొలుసుకట్టు అన్నది అందుకే. ఇందులో ఒక్క చెరువు కట్ట తెగితే కింది చెరువులకూ ముప్పే, ఒక్క చెరువు కబ్జా అయినా అంతే.

ఈ నీళ్లకు ఒక కొలువు ఉండేది. నీరటి. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, ఎవరి వంతు అయిపోయింది, ఎవరిది మిగిలింది, అన్నీ అతడి నోటనే ఉండేవి. రాతకోతలు లేవు. జీతం నగదు కాదు. కోతలయ్యాక కల్లం దగ్గర నిలబడితే రైతు ఇన్ని గింజలు కొలిచి పోసేవాడు. ఊళ్లో పటేలు, పట్వారీల పెత్తనం ఎంతున్నా, అర్ధరాత్రి వాన ముంచెత్తినప్పుడు గడ్డపార, లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగేది నీరటే. చెరువు కింద తగువులు ఎప్పుడూ ఒకే తీరు: తూము దగ్గరి మడివాడు పీకల్దాకా పెట్టుకుంటాడు, ఆయకట్టు కొసనున్నవాడు ఆకాశం చూస్తాడు. తూము దగ్గరి మళ్లు ఎవరివో అడిగితే ఊళ్లో ఎవరు పెద్దకులమో, ఎవరు దొరకు దగ్గరివాళ్లో వేరే చెప్పక్కర్లేదు.

చెరువు వరికొక్కదానికే కాదు. చాకలివాళ్ల బండలు ఇక్కడే, చేపలు పట్టే బెస్తలు, ముదిరాజుల వలలు ఇక్కడే. ఎండాకాలం చెరువు ఎండితే ఆ ఒండ్రుమట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. కుమ్మరికి కుండమట్టి ఇక్కడిదే. బతుకమ్మను సాగనంపేదీ ఈ నీళ్లలోకే. కట్ట మీద ఒక చెట్టు కింద పసుపు కుంకుమల రాయి కనిపిస్తే అది కట్ట మైసమ్మ. కట్ట తెగకుండా కాసే తల్లి. ఇంజినీరు లేని కాలంలో భయానికీ బాధ్యతకూ కలిపి పెట్టుకున్న కాపలా అది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రమంతటా పూడికలు తీశారు. పట్నాల్లో చెరువు కట్టలను మినీ ట్యాంక్‌బండ్లు చేశారు. బెంచీలు, లైట్లు, నడక బాట వచ్చాయి. మంచిదే. అయితే తూము ఎక్కడుందో చూపించే బోర్డు కూడా ఒకటి పెడితే పిల్లలకు చెరువంటే పార్కులోని నీళ్లు కాదని తెలిసేది.

కట్ట మీద ఒక నీడ చూసుకొని కూర్చోండి. ఇక్కడ మన ప్రశ్నకు జవాబు పూర్తి చేద్దాం. 1687లో గోల్కొండ ఔరంగజేబుకు దక్కింది. 1724లో మొదటి నిజాం ఆసఫ్‌జా దక్కనులో సొంత ఏలుబడి మొదలుపెట్టాడు. ఆ తర్వాత మెదక్ కోట ముట్టడించి తీరాల్సిన కోట కాకుండా పోయింది. మరాఠాలు చౌత్ కోసం వచ్చినా, పిండారీలు దోపిడీకి వచ్చినా గుట్టలెక్కి కాలం పోగొట్టుకోరు. పంట చేతికొచ్చే వేళకు ఊళ్ల మీద పడి అందినంత తీసుకొని పోతారు. అట్లాంటివాళ్లను ఆపాలంటే మైదానంలో గుర్రాలుండాలి. నిజాంకు కావాల్సిందీ కోటలు కాదు, ఏటా అందే పేష్కష్, అంటే కప్పం. దానికి ఆధారం శిస్తు, శిస్తుకు ఆధారం వరి, వరికి ఆధారం తూము. పాపన్నపేట దొరలు కూర్చున్నది అక్కడే, తూము పక్కన. గుట్టెక్కి కూర్చుంటే శిస్తు కట్టేవాడు కనిపించడు. శంకరమ్మకు పేరు తెచ్చినవి ఆమె యుద్ధాలే కావచ్చు, సంస్థానాన్ని నిలబెట్టింది మాత్రం చెరువుల కింద పండిన వడ్లే.

ఆ తర్వాతి వందేళ్లను తొందరగా దాటేద్దాం. శిస్తు వసూలును వేలంపాటలో పాడుకున్నవాళ్లు రైతు రక్తం పిండారు. దివాన్ సాలార్‌జంగ్ ఆ పద్ధతి మీద దెబ్బ కొట్టి 1865లో జిల్లాబందీ తెచ్చాడు. మెదక్ పేర జిల్లా ఏర్పడింది. సుబాకు గుల్షనాబాద్ అని పూలతోట లాంటి పేరూ పెట్టారు. కానీ జిల్లా పేరు మెదక్‌ది, కచేరీ సంగారెడ్డిది! కలెక్టర్ సంతకం కావాలంటే మెదక్ మనిషి సంగారెడ్డికి పోవాల్సి వచ్చేది. ఈ అలక చిన్నది కాదు, శతాబ్దం దాటింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే రైలు పట్టాలు కూడా అక్కన్నపేట మీదుగా పోయి మెదక్‌ను పక్కన వదిలేశాయి. 1980లో సాక్షాత్తు ఇందిరాగాంధీ ఇక్కణ్నుంచి లోక్‌సభకు గెలిచి, రాయ్‌బరేలీని వదులుకొని మెదక్‌నే ఉంచుకున్నారు. అయినా ఊరికి రైలు రాలేదు. మెదక్ జిల్లా కేంద్రం అయింది 2016 అక్టోబరు 11న. అక్కన్నపేట నుంచి పదిహేడు కిలోమీటర్ల లైను పూర్తయి మెదక్ స్టేషన్‌లో రైలు కూత వినిపించింది 2022 సెప్టెంబరులో. ప్రధానమంత్రిని గెలిపించడం కన్నా రైలును తెచ్చుకోవడం కష్టమని ఇక్కడివాళ్లకు బాగా తెలుసు.

ఇక లేవండి. రాందాస్ చౌరస్తా మీదుగా చర్చికి. పొద్దు వాలకముందే చేరాలన్నాను కదా.

1895లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు బోధకుడు సికింద్రాబాద్‌లో దిగాడు. మొదట తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిలకు ప్రార్థనలు చేయించే పని. ఆ పని ఆయనకు తృప్తినివ్వలేదు. మరుసటి ఏడాదికల్లా మెదక్ చేరాడు. రైలు లేదని ఇప్పుడే చెప్పుకున్నాం. గుర్రం మీద ప్రయాణం. వచ్చి డాక్ బంగళాలో మకాం పెట్టాడు. ఆయన తోబుట్టువు ఎమిలీ పోస్నెట్, ఆమెతోపాటు నర్సు ఎమిలీ హ్యారిస్ కూడా మెదక్ వచ్చి వైద్యం మొదలుపెట్టారు. ఇద్దరి పేర్లూ ఎమిలీలే. పురుడు పోయడానికి మంత్రసాని తప్ప దిక్కులేని ఊళ్లలో ఆస్పత్రి అన్నమాటే కొత్త. బైబిలు కన్నా ముందు జనంలోకి పోయినవి మందు సీసాలే.

ఎవరు వచ్చారు వాళ్ల దగ్గరికి? ఎక్కువగా మాల, మాదిగ వాడలవాళ్లు. చెరువు కింద చివరి మడి కూడా తమది కానివాళ్లు, ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేనివాళ్లు, దొర పిలిస్తే కూలి లేకుండా వెట్టికి పోవాల్సినవాళ్లు. మతం మార్పు మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. కానీ ఆ వాడలో నిలబడి చూస్తే, బడిలో పలక పట్టించినవాడు, ఆస్పత్రిలో ముట్టుకొని నాడి చూసినవాడు ఎవడన్నది మొదట కనిపిస్తుంది. దీన్ని పక్కనపెట్టి మెదక్ చర్చి చరిత్ర చెప్పడం కుదరదు.

1914లో పునాది పడింది. అదే ఏడు మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో వానలు తప్పాయి, 1918లో దక్కను అంతటా కరువు, దాని వెంటే ఇన్‌ఫ్లుయెంజా. జొన్న గటక కూడా కుండలో ఉడకని రోజులు. గంజి కేంద్రం పెట్టి ఊరికే పోయడం ఒక దారి. పోస్నెట్ ఇంకో దారి పట్టాడు. రాళ్లు కొట్టండి, మట్టి మోయండి, గోడ లేపండి, బదులుగా తిండి తీసుకోండి అన్నాడు. చర్చి కట్టడం కరువు పని అయింది. చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం తట్టలు పట్టుకొని వచ్చారు. ఇళ్లు లేనివాళ్లు, తిండి లేనివాళ్లు దేశంలోని పెద్ద చర్చిల్లో ఒకటైన ఈ కట్టడాన్ని పదేళ్లపాటు కట్టారు. లక్నోలో 1784 కరువప్పుడు ఆసఫుద్దౌలా ఇమాంబాడా కట్టించి జనానికి కూలి ఇచ్చిన కథ మనకు తెలుసు. మెదక్‌లో జరిగిందీ ఆ కోవదే. గుట్ట మీద కొట్లలో దాచిన గింజ యుద్ధానికి, ఇక్కడ పంచిన గింజ పనికి. రెండు చోట్లా మోసిన భుజాలు మాత్రం ఒకే వాడలవి.

నమూనా గీసిన ఆర్కిటెక్టు థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్. గోథిక్ తరహా కట్టడం. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల అయిదు వేలమంది పడతారు. చెప్పులు విడిచి లోపలికి పోగానే కాళ్లకు చల్లగా తగిలే నేల చూడండి. ఆరు రంగుల పలకలు బ్రిటన్ నుంచి ఓడలో వచ్చాయి, పరిచిన మేస్త్రీలు ఇటలీవాళ్లు. కప్పు మోస్తున్న బూడిద రంగు రాతి స్తంభాలు మాత్రం అచ్చంగా మన దిక్కు బండలే. పొద్దున కోటలో చేత్తో తడిమి చూసిన రాయిని ఇక్కడ మరోసారి తడిమితే చుట్టరికం తెలుస్తుంది. పైకప్పుకు లోపల స్పంజి లాంటి బోలు పదార్థం వాడి, మాట ప్రతిధ్వనించి చెదిరిపోకుండా చేశారు.

ఇప్పుడు కిటికీల దగ్గరికి. రంగు గాజు ముక్కలతో చేసిన మూడు పెద్ద కిటికీలు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన బొమ్మల ఆధారంగా చేసినవి. ఇవి వెలిగేది బయట ఎండ ఉన్నంతసేపే. పొద్దు గూకితే అంతా ఒకటే నలుపు, లోపల ఎన్ని లైట్లు వేసినా బొమ్మ కనిపించదు. తొందరపెట్టింది అందుకే. పీఠం వెనకనున్నది క్రీస్తు ఆరోహణం, 1927 నాటిది. ఒక పక్క క్రీస్తు జననం, 1947. ఎదుటి పక్క సిలువ, 1958. వచ్చిన భక్తులు వీటిలో బైబిలు కథ చూస్తారు. చరిత్ర చదివేవాడు ఏళ్లు చూడాలి. మొదటి కిటికీ పెట్టిననాడు నిజాం ఉస్మాన్ అలీఖాన్ పాలన నిండుగా ఉంది. రెండోదాని నాటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం మాత్రం చేరనని మొండికేశాడు. అదే ఏడు సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెథడిస్టు చర్చి అందులో కలిసింది. మూడో కిటికీ వచ్చేసరికి హైదరాబాద్ రాష్ట్రమే లేదు, ఆంధ్రప్రదేశ్ పుట్టి రెండేళ్లు. ఒకే గోడల మధ్య మూడు కాలాల వెలుతురు.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి. ఆ రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదే. కులం, మతం అడగకుండా కొవ్వొత్తి పట్టుకొని వరసలో నిలబడే జనాన్ని ఇక్కడ ఏ డిసెంబరులో వచ్చినా చూడవచ్చు. మొక్కు తీరిందని కొబ్బరికాయ తెచ్చేవాళ్లూ ఉంటారు.

చర్చి ఎత్తు మీద ఒక ముచ్చట చెప్పుకుంటారు. గోపురం చార్మినార్‌ను మించిపోతోందని నిజాంకు తెలిసి కోపమొచ్చిందట, తగ్గించమన్నాడట, చివరికి ఆయన మాట చెల్లలేదట. వినడానికి బాగుంది. లెక్క చూస్తే గోపురం 175 అడుగులు, అంటే 53 మీటర్లు. 1591లో కుతుబ్‌షాహీలు కట్టిన చార్మినార్ 56 మీటర్లు. మించలేదు, మూడు మీటర్లు తక్కువే! అయినా ఈ కథ చావదు. ఎందుకంటే అందులో ఉన్నది ఎత్తు కాదు. హైదరాబాద్ దర్బారుకు తలవంచని కట్టడం ఒకటి తమ ఊళ్లో ఉందన్న మురిపెం అది. శతాబ్దం పైగా కలెక్టర్ కచేరీ దక్కని ఊరికి ఆ మాత్రం మురిపెం అవసరమే. ఆసియాలోనే పెద్దది, వాటికన్ తర్వాత ఇదేనని బస్సులో పక్క సీటు పెద్దమనిషి చెబితే తల ఊపండి, రాసుకోకండి. వాటికన్ వేరే సంఘం, ఆ పోలికకు కాళ్లూ చేతులూ లేవు.

చర్చి ఆవరణ దాటి బయటికొచ్చాక ఒంట్లో ఓపికుంటే ఇంకొంచెం ముందుకు, ఊరు దాటి పొలాల వైపు పోండి. వరి మళ్ల పక్కన కాలువ కనిపిస్తుంది. ఇక్కడివాళ్లు ఎంఎన్ కెనాల్ అంటారు, మహబూబ్ నహర్. ఈ నీళ్లు మనం పొద్దుటినుంచి చూసిన చెరువులవి కావు. ఏ గుట్ట వాన కాదు ఇది. మంజీర నదిని అడ్డుకట్ట వేసి మళ్లించిన నీళ్లు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1905లో ఘనపురం దగ్గర ఆనకట్ట కట్టి రెండు కాలువలు తీశారు. మహబూబ్ నహర్ మెదక్ వైపుకు, ఫతే నహర్ పాపన్నపేట వైపుకు. రెండూ కలిపి 21,625 ఎకరాల ఆయకట్టు. నీరటి నోటి లెక్కతో నడిచిన నీళ్లు ఇంజినీరు రిజిస్టర్లోకి ఎక్కాయి. దొర తూము దగ్గర కూర్చుంటే సర్కారు ఏకంగా నది దగ్గరే కూర్చుంది. సంస్థానం బలం అక్కణ్నుంచే తరగడం మొదలైంది.

వచ్చే భాగంలో ఆ కాలువ పట్టుకొని ఎదురు నడుద్దాం. పాపన్నపేట మండలం నాగసాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలే చోటికి, పాయల నడుమ రాతి గుహలో వెలసిన వనదుర్గమ్మ దగ్గరికి పోదాం. జనమేజయుడి సర్పయాగం ఇక్కడే జరిగిందని ఎందుకంటారో, శివరాత్రి మూడు రోజులూ ఏడుపాయల జాతరకు బండ్లు ఎట్లా కట్టుకొచ్చేవారో చెప్పుకుందాం. ఎగువన సింగూరు కట్టాక హైదరాబాద్ దాహానికీ ఘనపురం రైతు నాటుకూ నడుమ మొదలై నేటికీ తెగని పంచాయితీ సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి. పాపన్నపేట రైతును అడిగితే ఆ కథ సింగూరు గేట్ల దగ్గరే మొదలుపెడతాడు. మనమూ అక్కణ్నుంచే మొదలుపెడదాం.